కుంచం ఎవరి చేతిలో ఉంది? వ్యవసాయ కూలి – మన కథాసాహిత్యం

వ్యవసాయ కూలీల జీవితాన్ని చిత్రించిన రచనలు తెలుగులో తక్కువేమీ కావు. వాటిపై వచ్చిన విమర్శ కూడా తక్కువ కాదు. అయితే ఆ విమర్శలో ఎక్కువ భాగం కులం, అస్పృశ్యత, భూమి, దొరతనం, ఉద్యమం అనే మాటల చుట్టూ తిరుగుతుంది. ఇవన్నీ అవసరమైన మాటలే. కాని పగలంతా పనిచేసిన మనిషి పొద్దుగూకాక ఇంటికి ఏమి తీసుకుపోయాడు, దానిని ఎవరు కొలిచారు, ఏ కొలతతో కొలిచారు, అందులోంచి ఏ బాకీ కింద ఎంత పట్టుకున్నారు అన్న ప్రశ్నలు ఆ విమర్శలో అరుదుగా వినిపిస్తాయి. మంచి రచయితలు ఈ ప్రశ్నలు వేశారు. కూలి అంటే వారికి ఒక అంకె కాదు, ఒక కొలత. ఆ కొలపాత్ర ఎవరి చేతిలో ఉందన్నదే వారి కథలలో అసలు తగవు. ఈ కోణంలో కొన్ని రచనలను, మన ఇరుగుపొరుగు భాషల రచనలను కూడా కలుపుకొని, పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముందుగా 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవేలూరు జైలులో ఉండగా ఈ నవల రాశారు. ఆనాటి మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది. ఈ నవలను హరిజనాభ్యుదయ నవలగా, గాంధేయ నవలగా, సామ్యవాద ఛాయలున్న నవలగా విద్యార్థులు చదువుకుంటారు. పరీక్షలలో ప్రశ్నలు కూడా అలాగే వస్తాయి. సంగదాసు మరణం గురించి రాయమంటే, చౌదరయ్య క్రూరత్వం గురించి, సంగదాసు త్యాగం గురించి రాస్తారు. చౌదరయ్యకు అంత కోపం తెప్పించినదేమిటో రాసేవారు తక్కువ. ఆ కోపానికి కారణం కూలి. ధాన్యం ధర పెరిగిన రోజులలో, ఆనవాయితీగా గింజలలో కొలిచే కూలిని ఇకమీద డబ్బులలో ఇస్తామంటారు ఆసాములు. మాలపల్లి జనం ఒప్పుకోరు. వారి పక్షాన నిలిచినవాడు సంగదాసు.

ఈ ఘట్టంలో ఉన్న ఆర్థిక పరిజ్ఞానాన్ని మనం తగినంతగా గుర్తించలేదని మా అభిప్రాయం. గింజలలో కూలి పాతకాలపు పద్ధతి, డబ్బులో కూలి నాగరిక పద్ధతి అని సాధారణంగా అనుకుంటాం. ధర పెరిగే కాలంలో ఈ లెక్క తారుమారవుతుంది. మానెడు గింజలు ధర ఎంత పెరిగినా మానెడే. ఆ పూట కడుపు నింపుతాయి. అణాలలో ఇచ్చిన కూలి మాత్రం అంగడికి పోయేసరికి కరిగిపోతుంది. పెరిగిన ధర లాభమంతా గాదె ఉన్నవాడికి, నష్టమంతా గాదె లేనివాడికి. ధర పడిపోయిన ఏడు అదే ఆసామి గింజలే తీసుకుపొమ్మంటాడు. అంటే తగాదా గింజలా డబ్బా అని కాదు. ఏ ఏడు ఏది ఇవ్వాలో నిర్ణయించే అధికారం ఎవరిది అని. ఉన్నవవారు ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పలేదు. కథ నడకలో చూపారు.

నవలలోని లోపం కూడా ఇక్కడే ఉంది. సంగదాసు మరణం తరువాత కథ అతని స్మృతి వైపు, బోధనల వైపు, వెంకటదాసు తిరుగుబాటు వైపు విస్తరిస్తుంది. ఆ విస్తారంలో కూలి తగాదా వెనకబడుతుంది. పాఠకుడి కంట నీరు పెట్టించిన నవల, ఆ కన్నీటికి మూలమైన కొలతను చివరిదాకా వెంబడించలేదు. తరువాత వచ్చిన విమర్శ ఈ పక్కదారినే రాజమార్గం చేసుకుంది. త్యాగం మిగిలింది, గింజలు పోయాయి.

ఇదే విషయాన్ని వదలకుండా పట్టుకున్న రచన పొరుగున ఉంది. తకళి శివశంకర పిళ్ళై మలయాళ నవల 'రండిడంగళి' 1948లో వెలువడింది. ఇడంగళి అనేది ధాన్యం కొలిచే పాత్ర. రెండు ఇడంగళ్ళు అన్నదే నవల పేరు. కుట్టనాడు పొలాలలో పనిచేసే కోరన్ అనే పులయ కూలివాడి కథ ఇది. గింజలకు కరువుగా ఉన్న రోజులలో కూలిని గింజలలో ఇమ్మని అడగడం, యజమాని డబ్బు చేతిలో పెట్టడం ఈ నవలలోనూ వస్తాయి. గుంటూరు మాగాణికీ కుట్టనాడు కయ్యలకూ మధ్య ఎంత దూరముందో, ఈ రెండు నవలల మధ్య కాలమూ అంత ఉంది. తగాదా మాత్రం ఒకటే. ఒక రచయిత కొలపాత్రను నవల పేరుగానే పెట్టగలిగాడంటే, సాహిత్యానికి ఇది చిన్న వస్తువు కాదని తేలుతుంది.

తెలంగాణకు వస్తే, సుద్దాల హనుమంతు రాసిన పశులకాపరి పిల్లవాడి పాట అందరికీ తెలిసినదే. 'మా భూమి' చిత్రం ద్వారా అది ఊరూరా చేరింది. ఆ పాటలోని జాలిని మెచ్చుకోనివారు లేరు. ఆ జాలి దేనిపై నిలబడి ఉందో చూడాలి. పిల్లవాడికి ముట్టే గాసంలో కవి మూడు మోసాలు లెక్కపెట్టి చూపుతాడు. మొదటిది, నెల జీతమే చాలీచాలని కొలత. రెండవది, ఆ గింజలలో తాలు కలిపి ఉండడం. మూడవది, తిరిగి కొలిస్తే తరుగు రావడం. ఒక కార్మికశాఖ తనిఖీదారు రాయవలసిన నివేదిక ఈ పాటలో ఉంది. గాసం అనే మాటకు జీతగాడికి కొలిచే గింజలు అన్న అర్థం తెలియకపోతే ఈ పాట సగమే అర్థమవుతుంది. ఆంధ్రదేశానికి వెలుపల చదువుకుంటున్న విద్యార్థులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.

మాటల సంగతి వచ్చింది కనుక మరికొంత చెప్పుకోవాలి. ఏడాది జీతానికి కుదిరిన మనిషిని కోస్తాలో పాలేరు అంటారు. తెలంగాణలో జీతగాడు, ఉత్తరాంధ్రలో కంబారి, రాయలసీమలో సేద్యగాడు అని కూడా వినిపిస్తుంది. కన్నడంలో జీతదాళు. తమిళంలో పణ్ణైయాళ్. ఒడియాలో హళియా. మరాఠీలో సాల్‌గడి లేదా సాల్దార్. సాల్ అంటే సంవత్సరం. మరాఠ్వాడాలో గుడి పడ్వా నాడు సాల్‌గడి ఒప్పందం మొదలవుతుంది. మన ఊళ్ళలో చాలాచోట్ల ఉగాది నాడు జీతగాడు మారతాడు. పండుగ ఒకటే, ఒప్పందం ఒకటే. పని గంటలు రాయని, సెలవులు చెప్పని, నోటిమాటతో కుదిరే ఒప్పందం. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లున్న ఈ ఉద్యోగానికి ఏ భాషలోనూ పనివేళలు సూచించే మాట లేకపోవడం గమనించవలసిన విషయం. పొద్దు పొడిచింది మొదలు పశువులకు రాత్రి మేత వేసేదాకా ఉన్నదంతా పనివేళే.

కొలతను మింగేసేది అప్పు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథపై తెలుగులో జరిగినంత చర్చ బహుశా మరే కథపైనా జరగలేదు. గ్రామాభివృద్ధి అసలు స్వరూపం, పంచాయతీ న్యాయం, చివరి హత్య సమంజసమా అన్నవి ఆ చర్చలో ప్రధానాంశాలు. సీతారాముడు తన కొడుకును ఎందుకు చంపాడన్న ప్రశ్నకు కథలోనే ఉన్న సమాధానం మాత్రం సూటిగా ఉంది. అప్పు ఒప్పుకుంటే ఆ బిడ్డ కంబారిగా పెరగాలి. ఇక్కడ కూలి రేటు ఎంత అన్న ప్రశ్నకే తావు లేదు. రేటు ఎంతైనా అది అప్పు పద్దులో జమపడుతుంది, చేతికి రాదు. శివరామ కారంత 'చోమన దుడి' 1933 నాటిది. చోముడి పిల్లలు బాకీ తీర్చడానికి కాఫీ తోటకు పోతారు. పని చేస్తారు, బాకీ తీరదు. గోపీనాథ మహాంతి 'పరజా' 1945లో వచ్చింది. కోరాపుట్ కొండలలో శుక్రు జాని షావుకారుకు గోతిగా చేరతాడు. గోతి అంటే అప్పు కింద చాకిరీకి కట్టుబడినవాడు. కన్నడ చోముడు, ఒడియా శుక్రు జాని, తెలుగు సీతారాముడు ఒకరినొకరు ఎరగరు. ఆ ముగ్గురి పద్దుపుస్తకం మాత్రం ఒకే దస్తూరీలో ఉంది.

ఇక్కడ న్యాయశాస్త్రం నుంచి ఒక మాట తెచ్చుకోవడం సాహిత్య విద్యార్థులకు ఉపయోగకరం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1982లో సుప్రీంకోర్టు, ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ పనులలో ఉన్న కూలీల కేసులో ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు ఒకరి చేత పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందన్నది ఆ తీర్పు సారాంశం. కొరడా ఉండనక్కరలేదు, పత్రం ఉండనక్కరలేదు. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమే. ఈ వెలుగులో చూస్తే వెట్టి నవల, అప్పు కథ, కూలి పోరాట రచన అని మనం చేసుకున్న విభజనకు బలం తగ్గుతుంది. చోముడి బాకీ, పశులకాపరి గాసంలో తరుగు, మాలపల్లిలో మారిపోయిన కూలి ఒకే కథలోని మూడు ప్రకరణాలుగా కనిపిస్తాయి.

కొలత నుంచి చూపు మరల్చితే రచనకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక తమిళ నవల మంచి ఉదాహరణ. 1968 డిసెంబరు 25న తూర్పు తంజావూరులోని కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితులు ఒక గుడిసెలో సజీవదహనమయ్యారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కూలి పెంచమని సంఘం పెట్టుకుని అడగడమే ఆ పల్లె చేసిన నేరం. ఆ మరుసటి సంవత్సరం, 1969లో, ఆ ప్రాంతపు వ్యవసాయ కార్మికుల కోసం న్యాయమైన కూలి చట్టం వచ్చింది. ఇందిరా పార్థసారథి 'కురుదిప్పునల్' 1975లో ఈ దారుణాన్ని వస్తువుగా తీసుకుంది. 1977లో దానికి సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. పట్టుగా సాగే నవలే. అయితే అందులో భూస్వామి క్రౌర్యానికి మూలం అతని పుంస్త్వలోపంలో ఉన్నట్లు రచయిత చిత్రించారు. తమిళ విమర్శలో దీనిపై గట్టి అభ్యంతరాలు వచ్చాయి. ఆ అభ్యంతరాలతో మేము ఏకీభవిస్తున్నాం. ఒక మనిషి మనోవికారం గింజల తగాదాకు సమాధానం కాలేదు. భూస్వామి ఆరోగ్యవంతుడై ఉంటే కూలి పెంచి ఉండేవాడా అని అడిగితే నవల దగ్గర జవాబు లేదు.

ఆ నవలలో భూస్వామి పేరు కన్నయ్య నాయుడు. ఈ పేరు దగ్గర మనం ఒక క్షణం ఆగాలి. తమిళనాడులో స్థిరపడిన తెలుగువారిలో భూమి కలవారున్నారు, ఆ భూమిలో పనిచేసేవారూ ఉన్నారు. కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' (1976) వలసవచ్చి అడవి కొట్టి కరిసల్ నేలను సాగుచేసిన తెలుగు కుటుంబాల కథ. దానిని చదివి మనం గర్వపడతాం. పెరుమాళ్ మురుగన్ 'కూళమాదారి' (2000) కొంగునాడులో గౌండరు ఇంట ఏడాది జీతానికి మేకలు కాసే పిల్లవాడి కథ. ఆ పిల్లవాడు పుట్టిన అరుంధతీయ కులంలో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఈ రెండవ నవలను ప్రవాసాంధ్రుల చరిత్రలో భాగంగా ఎవరూ చెప్పరు. హనుమంతు పాటలోని జీతగాడికీ ఈ పిల్లవాడికీ మధ్య ఉన్నది ఒక రాష్ట్రపు సరిహద్దు మాత్రమే. 1953 తరువాత తుంగభద్ర కాలువల కింద రాయచూరు, బళ్ళారి, కొప్పళ ప్రాంతాలలో వెలసిన ఆంధ్ర క్యాంపుల గురించీ, హీరాకుడ్ ఆయకట్టులో బరగఢ్ వైపు స్థిరపడిన రైతుల గురించీ చెప్పుకొనేటప్పుడు కూడా, నాట్లు వేసిన చేతులు ఎవరివి, వారికి ఏమి ముట్టింది అని అడగవలసి ఉంది. కష్టపడి పైకి వచ్చిన వలస రైతు కథ నిజమే. అది గట్టుకు ఒక పక్క నుంచి చెప్పిన నిజం.

స్త్రీల విషయంలో ఈ మౌనం మరింత గాఢం. వరిపొలంలో నాటు, కలుపు స్త్రీల పనులు. కోతలోనూ వారి పాలు పెద్దది. మన కథలలో కూలి స్త్రీ చాలాసార్లు దొర కన్ను పడిన బాధితురాలిగానే వస్తుంది. ఆ బాధ నిజమైనదే. కాని ఆమె మగవాడితో సమానంగా వంగి పనిచేసి తక్కువ కూలి తెచ్చుకున్న మనిషిగా కథలోకి వచ్చిన సందర్భాలు ఎన్ని? సమాన పనికి సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. 'చోమన దుడి'లో కారంత ఈ రెండింటినీ కలిపి చూపారు. తోటలో కూలికి పోయిన బెళ్ళి మానమే చివరకు ఇంటి బాకీకి జమ అవుతుంది. జానపద సాహిత్యంలో నాటు పాటలను మనం ఎంతో ప్రేమతో సేకరించాం. మన సంకలనాలలో చాలావాటిలో పాట ఉంటుంది, వరస ఉంటుంది, పాడిన ఊరు ఉంటుంది. పాడిన రోజున ఆమె కూలి ఎంతో ఉండదు. ఆ పాట ఊరట కోసం పాడారా, నడుము విరిచే పనిలో చేతులన్నీ ఒకే వేగంతో కదలడానికి పాడారా అన్నది కూలి పద్ధతి తెలిస్తేనే చెప్పగలం.

ఇక చట్టం సంగతి. 1948 నాటి కనీస వేతనాల చట్టం తన షెడ్యూలు రెండవ భాగంలో వ్యవసాయాన్ని చేర్చింది. వాడుక ఉన్నచోట కూలిలో కొంత వస్తురూపంలో ఇవ్వడానికి ప్రభుత్వం అనుమతించే వీలును కూడా అందులో ఉంచింది. 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. షెడ్యూలులో ఉన్న పనులకే కనీస వేతనం అన్న పరిమితి దీనితో పోయింది. ఇది మేలే. కాని చట్టం మారినా పొలంలో కొలిచే పద్ధతి దానంతట అది మారదు. రోజుకు ఇంత అని చట్టం చెబుతుంది. నేడు అనేక గ్రామాలలో నాటు, కోత ఎకరానికి ఇంత అని గుత్తకు జరుగుతాయి. ముఠాలో పదిమంది ఉన్నారా పదిహేనుమంది ఉన్నారా, ఎన్ని గంటలు పనిచేశారు, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు అన్నవి ఎక్కడా రాసి ఉండవు. అప్పుడు చట్టంలోని అంకెకూ చేతికి వచ్చిన డబ్బుకూ పోలిక తేవడమే కష్టమవుతుంది. యానాం వంటి చోట ఈ చిక్కు కంటికి కనిపిస్తుంది. పుదుచ్చేరి ప్రభుత్వపు రేటు గట్టుకు ఇటు, ఆంధ్రప్రదేశ్ రేటు గట్టుకు అటు. మనిషి అదే, కొడవలి అదే.

సాహిత్యాన్ని కూలి పద్దుగా కుదించడం తగునా అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కథకు రసం ఉంది, శిల్పం ఉంది, భాష ఉంది. వాటిని పక్కన పెట్టమని మేము అనడం లేదు. పైన చెప్పిన రచనలను మరొకసారి చూడండి. కొలతను గట్టిగా పట్టుకున్నచోట రచన కూడా గట్టిగా నిలిచింది. హనుమంతు పాటలో కన్నీరు తరుగు గింజల నుంచే పుట్టింది. 'యజ్ఞం'లో హత్యకు బలం అప్పు లెక్క నుంచే వచ్చింది. కొలతను వదిలినచోట 'మాలపల్లి' బోధలోకీ, 'కురుదిప్పునల్' మనస్తత్వంలోకీ జారిపోయాయి. కాబట్టి కూలి లెక్క సాహిత్యానికి బయటి వస్తువు కాదు. ఈ రచనలలో అది శిల్పానికే పునాది.

బరంపురంలో, షోలాపూరులో, హోసూరులో, బళ్ళారిలో చదువుకుంటున్న విద్యార్థులకు ఒక సౌకర్యముంది. హైదరాబాదులోని విద్యార్థికి అనువాదంలో మాత్రమే దొరికే 'పరజా', 'చోమన దుడి', 'కూళమాదారి' మీలో చాలామంది మూలంలోనే చదవగలరు. పరిశోధనకు అంశం వెతుక్కునేవారు ఈ రచనలను తెలుగు కథల పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలతో చదవాలని మా సూచన. కూలి దేనిలో ఇచ్చారు? ఎవరు కొలిచారు? ఎన్ని గంటలకు ఇచ్చారు? ఏ బాకీ కింద ఎంత కోశారు? ఈ ప్రశ్నలకు పుస్తకంలో జవాబు దొరకనిచోట ఊళ్ళో దొరుకుతుంది. పాలేరుతనం చేసిన తాతలు, నాట్లు వేసిన అమ్మమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు వాడిన కుంచం, మానిక, శేరు, మరక్కాల్ అనే కొలతల పేర్లు, వాటి నిజమైన పరిమాణం, పండుగ మామూలు, పని మానిన రోజుకు పట్టుకున్న కోత వారి నోటనే రాసుకోవచ్చు. అవి నిఘంటువులకెక్కకముందే పోతున్న మాటలు. ఆ మాటలు చేతిలో ఉన్న విద్యార్థి 'మాలపల్లి'ని మరోసారి తెరిస్తే, సంగదాసు ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు త్యాగం అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోడు.